పేరు చెప్పని పసరు

పేరు చెబితే మందు పనిచేయదట. ఏ ఆకో అడగకూడదు, నూరుతుంటే చూడకూడదు, తాగాక వెనక్కి తిరగకుండా ఇంటికి పోవాలి. మా బావ కొండల్ ఇంటి ముందు ప్రతి ఆదివారం పరగడుపున వరుస కట్టే జనానికి ఈ నియమాలన్నీ కంఠతా వచ్చు. నాకూ వచ్చు. వచ్చు కాబట్టే ఒళ్లు మండేది.

నా పేరు నర్మద. ఇబ్రహీంపట్నంలో పిండి గిర్ని నడుపుతాను. గిర్ని మోతలో మాట వినబడాలంటే అరవాలి, అలా అరిచీ అరిచీ నా గొంతు ఇట్లా తయారైంది. మెల్లగా మాట్లాడమని మా ఆయన దేవేందర్ పెళ్లైన కొత్తలో చెప్పేవాడు, ఇప్పుడు మానేశాడు. ఆయన ఆదిభట్లకు కంపెనీ బస్సు నడుపుతాడు. కొండల్ ఆయన సొంత అన్న. మాదీ వాళ్లదీ ఒకప్పుడు ఒకటే వాకిలి, ఇప్పుడు మధ్యలో గోడ. ఆ గోడ ఎందుకు లేచిందో చెప్పడం మొదలుపెడితే పొద్దు గూకుతుంది. ఆయన మొహం నాకు పడదు, నా మొహం ఆయనకు పడదు, అంతే.

గోడకు అవతల, ఆయన వాకిట్లో ఒక తూజా చెట్టుంది. ఊరి చుట్టూ ప్లాట్లు చేసి అమ్మే వెంచర్ల గేట్ల దగ్గర అటొకటి ఇటొకటి నాటుతారే, కింద వెడల్పుగా పైన మొనదేలి, ఆకులు అట్టముక్కల్లా నిలబడి ఉంటాయి, అదే. బడి పిల్లలు దాని రెబ్బను పుస్తకంలో పెట్టుకుంటే చదువొస్తుందంటారు. వెంచర్ తోటమాలి ఒకాయన చెబితే దాని ఆకు నూరి కొన్నాళ్లు కట్టాను, మా ఆయన బొటనవేలి మీది పులిపిరి రాలిపోయింది. బావ భార్య సునంద జలుబు చేస్తే ఆ ఆకే మరిగించి ఆవిరి పట్టేది. బావతో నాకు పడదు గానీ చెట్టుతో నాకేం గొడవ లేదు.

పసిరికల మందు మా మామ ఇస్తారిది. కళ్లు పచ్చబడే రోగాన్ని మా దిక్కు పసిరికలంటారు. మామ ఏదో ఆకు పసరు పిండి, మేకపాలల్లో కలిపి ఇచ్చేవాడు. ఆ ఆకు పేరు పాణం పోయే ముందు ఒక్కరికే చెప్పాలి, చెప్పగానే మందు వాళ్ల చేతికి పోతుంది, చెప్పినవాళ్ల దగ్గర ఉండదు. మామను సాగర్ రోడ్డు మీద లారీ గుద్దింది. దవాఖానలో మంచం పక్కన బావ ఒక్కడే ఉన్నాడు. బయటికొచ్చి కళ్లు తుడుచుకుంటూ "నాయిన చెవుల చెప్పి పోయిండు" అన్నాడు. తండ్రి హస్తవాసి కొడుక్కొచ్చిందని ఊరంతా సంబరపడింది. అప్పట్నుంచి మంచాల వాళ్లు బస్సుల్లో వస్తారు, మీర్‌పేట్ వాళ్లు కార్లలో వస్తారు. నా గిర్ని ముందు బండ్లు ఆపి దారి మూసేస్తారు.

రోగం తగ్గేదా అంటే తగ్గేది. ఉప్పు నూనె మానేసి, చప్పిడి తిని, నెలపాటు నడుం వాల్చి పడుకుంటే చాలామందికి దానంతటదే తగ్గుతుంది. ఆ మాట నేనంటే మా అమ్మ ఎంకమ్మే చెంపలు వేసుకునేది, నా తరఫున.

ఆమె కొడుకు, నా తమ్ముడు ఐలేష్‌కు పసిరికలయ్యాయి. వాడు ఆదిభట్లలో ఫిట్టరు, అమ్మతో మంచాలలో ఉంటాడు. నేనే వాణ్ణి లాక్కొచ్చి ఇక్కడి మెయిన్ రోడ్డు మీది దవాఖానలో డాక్టర్ ఇంద్రసేనకు చూపించాను. రక్తం పరీక్షలు చేసి, లివర్ వాచింది, పడుకుంటే తగ్గుతుంది, పసర్లు మాత్రం తాగొద్దు అన్నాడాయన. అమ్మ బుద్ధిగా తల ఊపింది. మా అమ్మ తల ఊపిందంటే ఆ మాట చెవిలోకే పోలేదని అర్థం. నాకు తెలిసి కూడా పట్టించుకోలేదు, గిర్ని ముందు జొన్నల సంచులు ఎదురుచూస్తున్నాయి.

ఆదివారం పొద్దున అమ్మ ఫోన్ చేసింది.

"బస్టాండ్ల ఉన్నం బిడ్డా. తమ్మునికి కడుపుల దిప్పుతున్నది. జర రా."

మంచాలలో పడుకోవాల్సినవాడు ఇబ్రహీంపట్నం బస్టాండులో ఏం చేస్తున్నాడని నేను అడగలేదు. పోయేసరికి బెంచీ కింద కక్కుకుంటున్నాడు. ఆటో ఎక్కించామో లేదో చేతులూ కాళ్లూ కొట్టుకోవడం మొదలైంది. పళ్లు గిట్టకరుచుకున్నాయి, కళ్లు పైకి పోయాయి. నేను వాణ్ణి నా ఒళ్లో అదిమిపట్టి, డ్రైవర్ని తిట్టిన తిట్టు తిట్టకుండా దవాఖాన దాకా వచ్చాను.

డాక్టరు సూదులు వేస్తూనే అడిగాడు. "పొద్దున్నుంచి ఏం తిన్నడు? ఏమన్న తాగిండా?"

"ఏం తాగలే సారు" అంది అమ్మ. "చాయ గూడ తాగలే."

వాడి చొక్కా కాలర్ మీద ఆకుపచ్చ మరక ఉంది. వంగి వాసన చూశాను. రంగుల్లో కలిపే నూనెలాంటి ఘాటు. ఎక్కడో తెలిసిన వాసనే, ఆ గాభరాలో పట్టుకోలేకపోయాను.

"అమ్మా, గిదేంది?"

"ఏం లేదు."

"కొండల్ బావ తానికి తీస్కపోయినవా?"

అమ్మ నా చెయ్యి పట్టుకుని గోడవారకు లాగింది. "మెల్లగ మాట్లాడు. తాగినట్టు చెప్తే పనిజెయ్యది బిడ్డా."

"వాడు సచ్చినంక పనిజేస్తదా?"

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మామూలుగా ఆమె ఏడిస్తే నాకు జాలి వేస్తుంది, ఆ పూట వేయలేదు.

విషయం చెబితే డాక్టరు నన్ను కూడా కోపంగానే చూశాడు. "చూడమ్మా, లివర్ పూర్తిగా పాడై మెదడుకు ఎక్కినా ఫిట్స్ వస్తయి. ఆకులో విషమున్నా వస్తయి. రెంటికీ వైద్యం వేరు. మొదటిదైతే ఇప్పుడే సిటీకి పంపాలె, దారిల ఏమైతదో చెప్పలేను. ఏ ఆకో తెలిస్తే నా పని సులువైతది. తెలుసుకొని రా, తొందరగా."

నేను బయటే ఆగి ఉన్న అదే ఆటో ఎక్కాను.

బావ ఇంటి ముందు వరుస ఇంకా ఉంది. అందరికంటే ముందు జానయ్య అనే పెద్దాయన మనవణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. గడప మీద బావ, చేతిలో ఖాళీ గిలాస, నుదుట ఇంత బొట్టు. నన్ను చూడగానే మొహం గంటు పెట్టుకున్నాడు.

"మందు దగ్గర చెప్పులిప్పాలె" అన్నాడు.

చెప్పులు ఇప్పలేదు. "ఐలేష్‌కు ఫిట్స్ వచ్చినయి. దవాఖానల ఉన్నడు. ఏం ఆకు ఇచ్చినవో చెప్పు బావా, డాక్టర్ అడుగుతున్నడు."

ఆయన గిలాస పక్కన పెట్టాడు. గొంతు మాత్రం తొణకలేదు. "మందు తాగినంక వెనకకు దిరిగి సూసి ఉంటడు. పత్తెం తప్పి ఉంటడు."

"ఆకు పేరు చెప్పు."

"నాయిన చెవుల చెప్పిన మాట. పాణం పోయినా చెప్ప."

"పోయేది నీ పాణమా? నా తమ్ముని పాణం."

సునంద లోపలి నుంచి వచ్చి నా మీద విరుచుకుపడింది. "ఎన్నడన్న ఈ ఇంటి మంచి కోరినవా నువ్వు? మంది ముందట పరువు దీసెతందుకు వచ్చినవ్. నీ నోరు వడలేకనే గదా గోడ వెట్టుకున్నది."

వరుసలో వాళ్లూ గొంతు కలిపారు. జానయ్యయితే నా కొంగు పట్టి వెనక్కి లాగాడు. "పేరు అడుగొద్దమ్మా. మా పిలగాడు ఇంక తాగనే లేదు. పేరు బయటవడితే వాని నోటికాడిది పోతది. నీ తమ్ముడు ఒక్కడేనా మనిషి?"

ఆ మాటకు నాకు నిజంగా ఆయన్ను కొట్టాలనిపించింది. పాపం మనవడి కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. పేరు దాచిపెడితేనే ఆ పిల్లవాడు బతుకుతాడని ముసలాయన నమ్మకం. పేరు తెలిస్తేనే నా తమ్ముడు బతుకుతాడు. నేను కొంగు విడిపించుకుని, బావను పక్కకు నెట్టి, లోపలి గదిలోకి పోయాను.

ఆ గదిలోకి మా మామ ఉన్నప్పుడు అత్త కూడా పోలేదు. వెనకాల జనం హాహాకారాలు చేశారు. బావ నా వెంటే లోపలికి దూకి, ఎవరూ చూడకుండా తలుపు మూసి గొళ్లెం పెట్టాడు. రోలు, ఒక తడిగుడ్డ, పాలగిన్నె ఉన్నాయి. రోట్లో పిప్పి తీసి వేళ్లతో నలిపాను. మెత్తటి గుండ్రటి ఆకులు కొన్ని, వాటితో పాటు పొలుసు పొలుసుగా, చదునుగా ఉన్న రెబ్బలు. ఘాటు ముక్కుకు కొట్టింది. ఈసారి తెలిసింది. మా ఆయన బొటనవేలికి రోజూ కట్టిన వాసన అది.

"గిది తూజా గాదు? నీ వాకిట్ల చెట్టు. గిది మీ నాయిన మందా? మామ ఉన్నప్పుడు ఈ చెట్టు ఊర్లనే లేదు గద."

బావ గోడకు జారబడి కూర్చున్నాడు. మా పెళ్లైనప్పటి నుంచి ఆయన నా ముందు కింద కూర్చోవడం అదే మొదలు.

"మెల్లగ మాట్లాడు" అన్నాడు. "నాయిన నాకేం చెప్పలే."

"మరి?" అన్నాను, నేనూ గొంతు తగ్గించి.

"నేను వొయ్యేసరికే తెలివి లేదు. చెవి ఆయన నోటికాడ వెట్టి గంట సేపు కూసున్న. ఊపిరి దప్ప ఏం ఇనరాలే. బయటికొస్తే అందరు ఒక్కటే అడిగిరి, చెప్పిండా చెప్పిండా అని. లేదంటే నాయిన పేరు ఆడికే పాయె. చెప్పిండన్న."

"ఇన్నేండ్లు ఏం తాగిపిచ్చినవ్ మందికి?"

"మునగాకు. ఉట్టి మునగాకు పసరు. ఎవ్వరికేం గాలే. తగ్గేటోళ్లకు తగ్గింది."

మునగాకు. మీర్‌పేట్ నుంచి కార్లేసుకుని వచ్చి, వెనక్కి చూడకుండా పోయి, ఫోన్లలో దండాలు పెట్టింది మునగాకుకు. ఇంకో రోజైతే గిర్ని ఆపి మరీ నవ్వేదాన్ని.

"మరి ఈ తూజా ఎందుకు?"

"పోయిన వారం ఒకామె తాగి నవ్వింది. మా ఇంట్ల మునగాకు పప్పు గిట్లనే వాసనొస్తదన్నది. అందరు ఇన్నరు." ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహంలో బాధ నిజమైనది. "మందంటే ఘాటుండాలె. పులిపిరి మీద రాస్తే రాలవట్టె, ఆవిరి వడితే ఛాతి సాఫ్ అవ్వట్టె. పైన రాస్తేనే గంత పనిజేసేది లోపటికి వోతే రోగాన్ని దెంపదా అనుకున్న. మంచిదే గద ఆ చెట్టు."

"పైకి మంచిదని లోపటికి తాగిపిస్తవా? పెయింట్ గోడకు మంచిదే, తాగుతవా? ఇయ్యాలనే మొదలా?"

"ఇయ్యాలనే. ఐలేషే ముందు వచ్చిండు." ఆయన తల దించుకున్నాడు. "మనోడు గదా అని చిక్కగ పిండి, రెండు గిలాసలు ఇచ్చిన. మిగిలినోళ్లకు మళ్ల నూరి, గిలాస వట్టుకొని పిలుద్దామనేసరికి నువ్వొస్తివి."

ఇంతకాలం ఆయన నా తమ్ముణ్ణి పేరు పెట్టి కూడా పిలవలేదు. మనోడని గుర్తొచ్చింది ఆ పొద్దునే.

నేను పాలగిన్నె ఎత్తి మోరీలో పారబోశాను. రోట్లో పిప్పి కొంగున కట్టుకున్నాను. బావ నా కాళ్లకు అడ్డం వచ్చాడు. "డాక్టర్‌కు చెప్పు. మందికి చెప్పకు నర్మదా. నాయిన మొహం చూసి." అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. ఏ మాటా ఇవ్వకుండా గొళ్లెం తీశాను. బయట వరుసంతా లేచి నిలబడి ఉంది. మాటలు తెలియకపోయినా, మూసిన తలుపు వెనకాల మేమిద్దరం గుసగుసలాడటం వాళ్లందరూ విన్నారు. వాకిట్లో తూజా కొమ్మ ఒకటి విరుచుకుని, గిన్నె పారబోశాను, ఇవ్వాళ మందు లేదు, పిల్లవాణ్ణి దవాఖానకు తీసుకుపొమ్మని జానయ్యకు చెప్పి ఆటో ఎక్కాను. ఆయన నాకు చేతులు జోడించాడు. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

కొమ్మ చూసి డాక్టరు ఎవరికో ఫోన్ చేశాడు, ఏదో వెతికాడు. ఇది తాగితే ఫిట్స్ వస్తాయి, లివర్ ఇంకా అంత పాడవలేదు, సిటీకి పంపను, ఇక్కడే ఆపుతాను అన్నాడు. ఆపాడు. ఇంకో రెండుసార్లు కొట్టుకుని సాయంత్రానికి తమ్ముడు కళ్లు తెరిచాడు. "అక్కా, గిర్ని బంద్ వెట్టినవా?" అని అడిగాడు. నేను గట్టిగా ఏడ్చాను. నా గొంతుకు నర్సు వచ్చి బయటికి పొమ్మంది.

అమ్మ నా వెంట వరండాలోకి వచ్చింది. నాలుగు ఓదార్పు మాటలు చెబుతుందనుకున్నాను. చుట్టూ చూసి, నా చెవి దగ్గర అడిగింది. "తలుపు వెట్టి పేరు చెప్పిండా నీకు?"

"చెప్పిండు" అన్నాను కసిగా. అమ్మ కళ్లు ఎందుకలా మెరిశాయో కూడా అప్పుడు అర్థం కాలేదు.

తమ్ముణ్ణి డిశ్చార్జి చేయించి మా ఇంట్లోనే పడుకోబెట్టాను. కళ్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి, ఇంకా కొన్ని వారాలు పడుతుందన్నాడు డాక్టరు. మళ్లీ ఆదివారం వచ్చింది. పొద్దున షట్టరు ఎత్తేసరికి గిర్ని ముందు జనం. ఎవరి చేతిలోనూ గోధుమల్లేవు. చెప్పులు వరుసగా విప్పి ఉన్నాయి. గోడ అవతల బావ ఇంటికి తాళం.

మొదటి బస్సుకు అమ్మ దిగింది. వెంట సింధు అని వాళ్ల వాడకట్టు కోడలు, కొత్తగా పెళ్లైన పిల్ల, కళ్లు పచ్చగా.

"ఇయ్యి బిడ్డా" అంది అమ్మ. "మందు నీ చేతికి వచ్చింది. కొండలే చెప్పిండు అందరికి, నాయిన మాట మరదలికి ఇచ్చేసిన, ఇగ నాతాన లేదని. నా కడుపున వుట్టినదాని చేతికి వచ్చింది, గదే మస్తు."

బావ తెలివికి దండం పెట్టాలి. ఒక్క అబద్ధాన్ని మోయలేక దాన్ని ముడేసి నా కొంగులో కట్టాడు. కొడుకు చచ్చి బతికి వారమే అయింది, మా అమ్మ సంతోషంగా వాకిట్లో నిలబడి ఉంది. గిర్ని ఆపి ఉంది కాబట్టి నా గొంతు సాగర్ రోడ్డు దాకా వినబడి ఉంటుంది.

"ఇనుండ్రి. మా మామ ఎవ్వరికి ఏం చెప్పలే. కొండల్ ఇన్నేండ్లు ఇచ్చింది మునగాకు. మొన్న ఇచ్చింది అగో, ఆ తూజా చెట్టు. పులిపిరికి కట్టుకోండ్రి, తాగితే సస్తరు. పేరు చెప్తే మందు పనిజెయ్యది గదా, పేరు చెప్పిన. మీ అందరికి చెప్పిన. ఇగ ఎవ్వల చేతులున్నా పనిజెయ్యది. పోండ్రి."

ఎవరూ కదల్లేదు. ఒకాయన "కావాల్నని తప్పు పేరు చెప్తున్నది, మనకియ్యడం ఇష్టం లేక" అన్నాడు. ఇంకొకామె నా గడప ముందు ఉమ్మేసి పోయింది. జానయ్య మాత్రం అడిగాడు, "ఇస్తారి మందు ఇగ లేనట్టేనా?" అని. లేదన్నాను. మనవడు ఎట్లున్నాడని అడిగితే వంగి చెప్పులు వేసుకున్నాడు.

అమ్మ సింధు చెయ్యి పట్టుకుంది. నా వైపు చూడకుండానే మాట్లాడింది. "పా బిడ్డా. యాచారం దిక్కు ఒకాయన ఇస్తడంట. తమ్మునికి గూడ ఒక సీసల తెస్త. ఇది మందును సంపింది."

షట్టరు దించి వాళ్ల వెనకే పోయి, యాచారం బస్సు కదులుతుండగా నేనూ ఎక్కాను. అమ్మ కిటికీ వైపు తిరిగింది. కండక్టరు ముగ్గురికీ ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్లు కొట్టాడు. నేను సింధు పక్కన కూర్చున్నాను. ఏదైనా అనబోతే నా గొంతుకు ఆ పిల్ల బెదిరిపోయేలా ఉంది, అందుకని నోరు మూసుకున్నాను. మార్కెట్ దాటాక సింధు నా వైపు వంగింది.

"మీ తమ్మున్ని సూసిన దవాఖాన ఏడుంటది అక్కా?"

"వచ్చే స్టాపే."

స్టాపులో ఇద్దరం దిగాం. అమ్మ దిగలేదు. "అమ్మా, దిగు" అని కిందనుంచి అరిచాను. ఆమె కిటికీ అద్దం మూసుకుంది. బస్సు ఆమెను తీసుకుని యాచారం రోడ్డు పట్టింది.

నేను ఇంటికి ఫోన్ చేశాను. ఐలేష్ నిద్రమొహంతో ఎత్తాడు.

"అమ్మ సాయంత్రానికి ఒక సీస దెస్తది. తాగకు."

అమ్మ ఎదురుగా నిలబడి ఏడిస్తే వాడు కాదనలేడు, అది నాకూ తెలుసు, వాడికీ తెలుసు.

"పేరు అడుగుత" అన్నాడు. "పేరు చెప్తేనే తాగుత అక్కా."